వసారాలో కూర్చున్న తల్లులు

మన పాఠశాల వార్షిక పత్రికయందు ప్రతి సంవత్సరమును కొన్ని పట్టికలు అచ్చగుచుండును. పరీక్షలలో ప్రథమశ్రేణి నందినవారి పేర్లు, పరుగు పందెములలో గెలిచినవారి పేర్లు, వ్యాసరచనయందును సంగీతమునందును బహుమానములు పొందినవారి పేర్లు వరుసగా నుండును. పత్రిక చేతికి రాగానే తల్లిదండ్రులు మొదట వెదకునది తమ బిడ్డ పేరే. అది సహజము, సంతోషకరము. అయితే ఏ పట్టికలోను తమ బిడ్డ పేరు వెదకుటకు సాహసింపని తల్లిదండ్రులును మన చదువరులలో కలరు. వారి బిడ్డలు కొందఱు మన బడిలోనే యున్నారు, మఱికొందఱు మన వీధులలో నున్నారు. నడక ఆలస్యముగా వచ్చినవారు, మాట రానివారు, చెవి వినబడనివారు, ఎంత చెప్పినను అక్షరము నిలువనివారు, ఇట్టి బాలలకు ప్రత్యేక విద్య నొసగు ఏర్పాటులు నేడు కలవు. ఆ బాలలను గూర్చి పలువురు వ్రాసియున్నారు. మేము వారి తల్లిదండ్రులను గూర్చి కొన్ని మాటలు వ్రాయదలచితిమి.

మా పాఠశాలకు రెండు వీధుల యవతల, ప్రభుత్వ పాఠశాల ఆవరణములో, ఒక భవిత కేంద్రము కలదు. ప్రత్యేకావసరములుగల బాలలకై ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో పెక్కు మండలములయందు ఇట్టి కేంద్రములు నెలకొనియున్నవి. ప్రత్యేక విద్యలో శిక్షణ పొందిన ఉపాధ్యాయులు అచ్చట నుందురు. నియమిత దినములయందు ఫిజియోథెరపిస్టు వచ్చి, బిగుసుకొనిన కాళ్లకును చేతులకును సాధకము చేయించును. కేంద్రమునకు రాలేని బాలల యిండ్లకు ఉపాధ్యాయులే పోయి పాఠము చెప్పుదురు. గత ఆఱు సంవత్సరములుగా, శనివారములయందు వీలు దొరకినపుడెల్ల, మేము అచ్చటికి పోవుచున్నాము. పిల్లలకు పాటలు నేర్పుటకని పోయితిమి. కాని మా చూపు పలుమాఱు వెలుపలి వసారామీదనే నిలిచినది.

ఆ వసారాలో ఎనమండుగురో తొమ్మండుగురో తల్లులు గోడకు చేరగిలబడి కూర్చుందురు. ఊరి చివరనుండి వచ్చినవారికి, బిడ్డను దిగవిడిచి యింటికి పోయి మరల వచ్చుటకు వ్యవధియు చాలదు, ఆటో కిరాయికి డబ్బును చాలదు. కావున పాఠము ముగియువఱకు అచ్చటనే యుందురు. ఒకామె జాకెట్లకు హుక్కులు కుట్టుచుండును. ఒకామె పొరుగువారి మినుములు చేటలో పోసికొని రాళ్లు ఏరుచుండును. మనుమని తీసికొని వచ్చిన ముసలమ్మ మందుల సంచి తలక్రింద పెట్టుకొని కునుకు తీయుచుండును. కూలికి పోవలసిన ఆమెకు అది ఒక పూట కూలి నష్టము. లోపల బిడ్డకు రెండు గంటలు పాఠము జరుగును. తక్కిన ఇరువదిరెండు గంటలు ఆ బిడ్డను చూచుకొనవలసిన మనిషి వెలుపల ఊరకే కూర్చుండును. ఆమెను అడుగువారు లేరు, ఆమెకు చెప్పువారును లేరు.

ఇట్లగుటకు కారణము తెలిసికొనవలె నన్నచో కొంచెము వెనుకకు చూడవలయును. భారతదేశమున చూపులేని బాలలకై మొదటి పాఠశాలను 1887వ సంవత్సరమున అమృతసరములో ఆనీ షార్ప్ అను మిషనరీ దొరసానిగారు స్థాపించిరి. ఆ కాలపు ప్రత్యేక పాఠశాలలలో చాలవఱకు బిడ్డను ఇంటినుండి తెచ్చి, వసతిగృహములో నుంచి, చదువును చేతిపనిని నేర్పెడివారు. తల్లిదండ్రులు బిడ్డను సెలవులలో మాత్రమే చూచెడివారు. ఎడబాటు దుఃఖము వారిది, నేర్పు భారము బడిది. తరువాత ఈ పద్ధతి మాఱినది. 1984లో కేంద్రప్రభుత్వము సికిందరాబాదున నెలకొల్పిన జాతీయ సంస్థ, మేధోవైకల్యముగల బాలల తల్లిదండ్రులకు గూడ మార్గము చూపుట తన పనులలో నొకటిగా నెంచెను. 1995 నాటి చట్టము 7 విధములైన వైకల్యములను పేర్కొనగా, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 21 విధములను పేర్కొనెను. బిడ్డ ఇరుగుపొరుగు పిల్లలతో గూడి సమీప పాఠశాలలో చదువవలయునన్నది నేటి సిద్ధాంతము. ఇది మేలైన మార్పు. బిడ్డ తన యింటనే, తనవారి నడుమనే పెరుగును. అయితే దీనితోపాటు మఱియొక మార్పు చప్పుడు లేకుండ జరిగినది. పూర్వము వసతిగృహపు ఉపాధ్యాయులును, ఆయాలును, వైద్యులును పంచుకొనిన పని యావత్తును నేడు ఇంటిలోని యొక మనిషిమీద పడినది. ఆ మనిషి చాలచోట్ల తల్లియే.

మేము అధ్యాపక శిక్షణ కళాశాలలో చదివిన దినములలో పాఠ్యప్రణాళిక వ్రాయుట, నల్లబల్లపై బొమ్మ గీయుట, ప్రశ్న వేయుట, తరగతిని అదుపులో నుంచుట నేర్చితిమి. బిడ్డకు లోపము గలదని క్రొత్తగా తెలిసికొనిన తల్లితో ఎట్లు మాటలాడవలయునో ఆ పాఠములలో లేకుండెను. దానిని మాకు ఆ వసారాలోని తల్లులే నేర్పిరి. వారు నేర్పినదానిని క్రమముగా చెప్పుదుము.

మొదటిది నింద. లోపముగల బిడ్డ పుట్టిన యింట, బిడ్డకు ఏమి చేయవలెనను ప్రశ్నకంటె ముందు, ఎవరివలన ఇట్లయినదను ప్రశ్న వచ్చును. గ్రహణమునాడు వెలుపలికి వచ్చినదనియు, తినరానిది తినినదనియు, ఆమె పుట్టింటివారి రక్తమే యట్టిదనియు, ఏ జన్మపాపమో యనియు తలకొక మాట ఆడుదురు. ఆ మాటలన్నియు తల్లిమీదనే వచ్చి పడును. పుట్టుకతో చూపులేని యొకనిని చూచి, దీనికి తల్లిదండ్రుల తప్పిదము కారణమా యని శిష్యులు ప్రభువు నడిగిన వృత్తాంతము యోహాను సువార్తయందు కలదు. ప్రభువు ఆ నిందను ఆ తల్లిదండ్రులమీద మోపనీయలేదు. ప్రశ్న మాత్రము నేటికిని మన వీధులలో తిరుగుచునే యున్నది.

ఈ నిందకు మందు నిజమును చెప్పుటయే. మనుష్య శరీరమందలి కణములలో సాధారణముగా 46 క్రోమోజోములు ఉండును. వానిలో 21వ జతయందు రెండింటికి బదులు మూడు ఉండుటవలన డౌన్ సిండ్రోము కలుగునని 1959లో ఫ్రాన్సు దేశమున కనుగొనిరి. అది తల్లి నడచిన నడకవలనను కాదు, తినిన తిండివలనను కాదు. కాన్పునకు ముందుగాని, కాన్పు సమయమునగాని, పుట్టిన కొలదికాలమునకుగాని పసి మెదడునకు తగిలిన దెబ్బవలన అవయవములు బిగుసుకొని సెరిబ్రల్ పాల్సీ యగును. నెలలు నిండక పుట్టిన శిశువులకు ఆ ప్రమాదము హెచ్చు. పుట్టిన శిశువునకు కామెర మిక్కిలిగా ముదిరి, వైద్యము అందనిచో వినికిడి చెడవచ్చును. గ్రహణమునకు వీనిలో దేనితోను సంబంధము లేదు. మేనరికపు పెండ్లిండ్లవలన కొన్ని జన్యుసంబంధమైన వ్యాధులు వచ్చు అవకాశము కొంత హెచ్చునన్నది సత్యమే. అయితే అది పెండ్లికి ముందు పెద్దలు తెలిసికొనవలసిన సంగతి, బిడ్డ పుట్టిన పిమ్మట కోడలిపై విసరవలసిన రాయి కాదు. ఈ నాలుగు సంగతులను అత్తగారి యెదుట, భర్త యెదుట, ఉపాధ్యాయుడో వైద్యుడో ఒకమాఱు స్పష్టముగా చెప్పినచో, ఆ తల్లికి కలుగు ఊరట యింతంత కాదు. మేము చూచితిమి గనుక చెప్పుచున్నాము.

రెండవది భాష. ఈ బిడ్డల తల్లులు ఒక్కొక్కరి యొద్ద ఒక్కొక్క దస్త్రము కలదు. దానిలోని కాగితములన్నియు వారి బిడ్డను గూర్చినవే, కాని వానిలో వారికి తెలిసిన మాట యొక్కటియు లేదు. ఒకనాడు వసారాలో హుక్కులు కుట్టుచున్న ఆమె మమ్ము చూచి లేచి నిలిచెను. ఆమె కుమారునికి తొమ్మిదేండ్లు, డౌన్ సిండ్రోము గలవాడు. సదరం శిబిరమున వైద్యులు పరీక్షించి ఇచ్చిన ధ్రువపత్రమును చూపి ఆమె యిట్లడిగెను: "మాస్టరు గారూ, మావాడికి నలభై అయిదు వచ్చిందంటండి. ముప్పై అయిదు దాటితే పాసే గదండీ?"

వసారాలో నున్నవారెవ్వరును నవ్వలేదు. తక్కినవారును ఆ అంకె అర్థమును ఎఱుగరని మాకప్పుడు తెలిసినది. ఆ శాతము వైకల్యపు పరిమాణమును తెలుపునదనియు, 40 శాతము గాని అంతకు మించి గాని యున్నవారికి చట్టమున కొన్ని ప్రత్యేకమైన హక్కులు కలవనియు, అది బాలుని తెలివికి మార్కు కాదనియు, వాని విలువకు కొలత అసలే కాదనియు చెప్పితిమి. ఆమె చాలసేపు ఊరకుండి, "అయితే ఇది ఎక్కువ వస్తే మంచిది కాదన్నమాట" అని పత్రమును మడిచి సంచిలో పెట్టుకొనెను. ఆ పత్రము ఆమె యొద్ద పదునొకండు నెలలుగా నున్నది. ఆ పదునొకండు నెలలును ఆమె తన కుమారుడు ఒక పరీక్షలో నెగ్గెనని నమ్మియుండెను. అందులకే మేము కోరునది, ఏ కాగితమును గాని తల్లిదండ్రుల చేతికిచ్చు నధికారియో ఉపాధ్యాయుడో, దాని సారమును వారి యింటి మాటలలో చెప్పి, వారు అర్థము చేసికొనినది వారినోటనే మరల చెప్పించుకొనవలయును. దీనికి అయిదు నిమిషములకంటె పట్టదు.

మూడవది పని. ప్రత్యేక విద్యయందు ప్రతి బాలునికిని ఒక వ్యక్తిగత ప్రణాళికను వ్రాయుదురు. పైని చెప్పిన బాలుని ప్రణాళికలో ఇంట చేయించవలసినవని పదునొకండు అంశములు ఉండెను. తల్లి ఆ పట్టికను చదివించుకొని, "ఇవన్నీ ఎప్పుడు చేయించేదండీ? తెల్లారి లేస్తే నీళ్లు, వంట, వీడి స్నానం, పెద్దదాని బడి. ఆ తర్వాత మిషను ముందు కూర్చోకపోతే గడవదు" అనెను. కేంద్రములోని ఉపాధ్యాయురాలు వివేకవతి. ఆమె పట్టికను ప్రక్కన పెట్టి, "పొద్దున పూట నీకు అన్నిటికన్న విసుగనిపించే పని ఏదమ్మా?" అని యడిగెను. నిక్కరు తొడుగుట యని తల్లి చెప్పెను. వాడు నిలువడు, వంగడు, పరుగెత్తును. "అయితే ఆ ఒక్కటే చేద్దాం. మిగిలిన పదీ ఆగుతాయి" అని ఉపాధ్యాయురాలు చెప్పెను.

ఆ నేర్పిన తీరు తల్లిదండ్రులందఱికిని ఉపయోగించును గనుక వివరించుచున్నాము. సామాన్యముగా మనము పనిని మొదటినుండి నేర్పుదుము. ఇచ్చట చివరినుండి నేర్పిరి. తల్లి నిక్కరును తొడిగి తుంటివఱకు లాగి విడుచును. నడుము మీదికి లాగుకొను చివరి యొక్క లాగు మాత్రమే బాలునిది. అది చేయగానే పని ముగిసినది, మెప్పు దొరకినది. అది బాగుగా కుదిరిన పిమ్మట తల్లి తొడలయొద్దనే విడిచెను, తరువాత మోకాళ్లయొద్ద విడిచెను, తరువాత చీలమండలయొద్ద విడిచెను. అన్నిటికంటె కష్టమైనది కాలు దూర్చుట. దానిని అన్నిటికంటె చివర నేర్పిరి. ఏ మెట్టునందైనను బాలునికి పనిని తానే ముగించితినను సంతోషము కలుగుచుండుటచే వాడు విసుగుకొనలేదు. దసరా సెలవుల పిమ్మట మొదలిడిన ఈ పని సంక్రాంతి నాటికి పూర్తియైనది. ఆ తల్లికి ఉదయమున పది నిమిషములు మిగిలినవి. ఆ పది నిమిషములలో ఏమి చేయుచున్నావమ్మా యని యడుగగా, "కాఫీ వేడిగా తాగుతున్నానండీ" అని చెప్పి నవ్వెను. తొమ్మిదేండ్లకు ఆమెకు వేడి కాఫీ దొరకినది.

దీనివలన మేము గ్రహించినది, తల్లిదండ్రులకు సహాయము చేయుట యనగా వారికి మఱింత పని చెప్పుట కాదు. వారి దినచర్యలో నున్న పనినే పాఠముగా మార్చుట. కంచములు వేయునపుడు మనుష్యులను లెక్కించుట లెక్కల పాఠము. ఉతికిన బట్టలలో నాన్నవి, అక్కవి వేఱుచేయుట పోలికల పాఠము. చెంబుతో కుండీకి నీరు పోయుట చేతికి సాధకము. వీనికి వేఱుగ వేళయు అక్కఱలేదు, వెలగల బొమ్మలును అక్కఱలేదు. ఒకమాఱు ఒక్కటే పని, అదియు ఇంటివారు కోరుకొనిన పని యై యుండవలయును.

నాలుగవది కబురు. సామాన్యముగా బడినుండి తల్లిదండ్రులకు కబురు వచ్చినదన్న అది ఫిర్యాదే యగును. ఈ తల్లులకు అది మఱియు హెచ్చు. కొట్టెను, కొఱికెను, గోలచేసెను, బట్టలు పాడుచేసికొనెను అను మాటలే వినివిని, బడి ద్వారము చూడగానే వారి గుండె అదరును. ఆ కేంద్రములో ఇప్పుడు ప్రతి బిడ్డ సంచిలోను ఒక చిన్న పుస్తకము కలదు. దానిలో ఉపాధ్యాయురాలు దినమున కొక్క వాక్యము వ్రాయును. మొదటి నియమము, ఆ వాక్యము బిడ్డ చేసిన యొక మంచిపనిని గూర్చినదై యుండవలయును. రెండవ నియమము, అది సత్యమై యుండవలయును. ఇంటినుండి తల్లియు ఒక వాక్యము వ్రాయవచ్చును. రాత్రి నిద్రపోలేదనియో, మూర్ఛ వచ్చెననియో, క్రొత్త మాట పలికెననియో తెలిసినచో ఆనాటి పాఠము దానికి తగినట్లుండును. చదువురాని తల్లులకు సెల్‌ఫోనులో మాటగా చెప్పి పంపుదురు. ఈ చిన్న ఏర్పాటువలన బడియు ఇల్లును ఒకదానితో నొకటి మాటలాడ మొదలిడినవి.

ఐదవది ఇంటిలోని తక్కినవారు. ఆ బాలుని అక్క మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచున్నది. మా కుటుంబము అను విషయముపై వ్యాసము వ్రాయుమనగా ఆమె తండ్రిని గూర్చియు, తల్లిని గూర్చియు, నాయనమ్మను గూర్చియు, పెరటిలోని జామచెట్టును గూర్చియు వ్రాసి, తమ్ముని గూర్చి ఒక్క ముక్కయు వ్రాయలేదు. మేము ఆ విషయమును తరగతిలో నెత్తలేదు, ఆమె తల్లికిని చెప్పలేదు. కొన్ని దినముల పిమ్మట ఆమెయే యొకనాడు, "ఎవరు కనబడినా తమ్ముడెలా ఉన్నాడనే అడుగుతారు మాస్టారూ. నువ్వెలా ఉన్నావని ఒక్కరూ అడగరు" అనెను. అప్పుడు మాకు తెలిసినది, ఆమె తమ్ముని దాచలేదు, వ్యాసములోనైన తనకు కొంచెము చోటు మిగుల్చుకొనినది. తండ్రి ఆటో నడుపును. ఆయనతో మాటలాడితిమి. అప్పటినుండి ఆదివారము సాయంకాలము ఒక గంట ఆ తండ్రి కుమార్తె నొక్కతెను ఆటోలో కూర్చుండబెట్టుకొని చెఱువు కట్టకు పోవుచున్నాడు. అచ్చట తమ్ముని మాట ఆమె యెత్తిననే గాని ఆయన యెత్తడు. ప్రత్యేక విద్య పొందు బిడ్డల అన్నదమ్ములకును అక్కచెల్లెండ్రకును గూడ ఒక తండ్రి, ఒక తల్లి కావలయును.

ఇక హక్కుల సంగతి. తెలియనివాడు హక్కును యాచనగా అడుగును, తెలిసినవాడు హక్కుగా అడుగును. కావున తల్లిదండ్రులు ఈ సంగతులను గుఱుతుంచుకొనవలయును. 2016 నాటి చట్టము ప్రకారము, 40 శాతమునకు తక్కువగాని వైకల్యముగల ప్రతి బిడ్డకును 6 ఏండ్లనుండి 18 ఏండ్లవఱకు, తాను కోరిన సమీప పాఠశాలలోగాని ప్రత్యేక పాఠశాలలోగాని ఉచితముగా చదువు హక్కు కలదు. వైకల్యము కారణముగా బిడ్డను చేర్చుకొనమనుట చట్టవిరుద్ధము. మిక్కిలి తీవ్రమైన వైకల్యముగల బిడ్డకు ఇంటియొద్దనే చదువు కోరుకొను అవకాశమును విద్యాహక్కు చట్టమునకు 2012లో చేసిన సవరణ కల్పించినది. 2018లో ఆరంభమైన సమగ్ర శిక్షా పథకమున, ప్రభుత్వ పాఠశాలలలో చదువు ప్రత్యేకావసరములుగల బాలికలకు నెలకు 200 రూపాయల చొప్పున 10 నెలలు ఉపకారవేతనము నిర్ణయింపబడినది. వ్రాతపరీక్షలలో, తాను వ్రాయలేనివానికి వ్రాయువానిని ఇచ్చి, గంటకు 20 నిమిషములకు తగ్గకుండ అదనపు కాలము ఒసగవలయునని కేంద్రప్రభుత్వము 2018లో మార్గదర్శకములను ప్రకటించెను. ఆటిజము, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యము, బహువైకల్యము గలవారికి నిరామయ యను ఆరోగ్య బీమా క్రింద సంవత్సరమునకు 1 లక్ష రూపాయలవఱకు రక్షణ కలదు.

ఇవి కాగితముమీద నున్నవి. కాగితమునుండి యింటికి వచ్చుట మఱియొక ప్రయాణము. ఈ ఆటో నడుపు తండ్రి ఒక కార్యాలయమునకు మూడు మాఱులు తిరిగెను. మొదటిమాఱు ఫోటో చాలదనిరి, రెండవమాఱు పేరులో ఒక యక్షరము తేడా యనిరి, మూడవమాఱు సంబంధించిన గుమాస్తా సెలవులో నుండెను. మూడు దినముల కిరాయి పోయినది. నాలుగవమాఱు మేము అర్జీ వ్రాసి, తేదీ వేసి, జతపఱచిన కాగితముల పట్టిక చేర్చి, ఆయనతోగూడ పోయితిమి. అర్జీ ముట్టినట్లు రసీదు అడిగితిమి. పని ఆనాడే జరిగినది. మా గొప్ప యేమియు లేదు. చదువు వచ్చినవా డొకడు ప్రక్కన నిలుచుటయే పని చేసినది. మన పాఠశాలలో ఇరువదిమందికి పైగా ఉపాధ్యాయులము ఉన్నాము. సంవత్సరమున కొక్క తండ్రితో ఒక్కమాఱు మనలో నొక్కొక్కరు పోయినచో, ఇరువది కుటుంబముల పని జరుగును. తల్లిదండ్రులకు మా సలహా యొక్కటే: కాగితములన్నిటిని ఒకే దస్త్రములో నుంచుకొనుడు, ప్రతిదానికిని రెండు నకళ్లు చేయించుకొనుడు, రసీదు లేక ఏ యర్జీని ఇయ్యకుడు.

ఆనాడు తిరిగి వచ్చునపుడు ఆ తండ్రి చాలదూరము మాటలాడలేదు. ఆయన కేంద్రపు గుమ్మము దాటి లోపలికి ఎన్నడును రాలేదు. బిడ్డను వాకిట దింపి, కిరాయి ఉన్నదని వెడలిపోవును. ఆయనకు బిడ్డపై ప్రేమ తక్కువయని వసారాలో కొందఱు అనుకొందురు. పాఠశాల దగ్గఱ ఆటో నాపి, ఇంజను కట్టివేసి, ఆయన మమ్ము చూడకుండనే యిట్లడిగెను: "మాస్టారూ, మేమిద్దరం పోయాక వీడి సంగతేంటండి?"

ఈ ప్రశ్నయే ఆ వసారాలోని ప్రతి తల్లి మనస్సులోను ఉన్నది. నిద్రపట్టని రాత్రులలో వారు లెక్కించునది దీనినే. తక్కిన సహాయములన్నియు ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరములో భాగములు కానిచో వ్యర్థములని మేము తలంచుచున్నాము.

చట్టము ఇచ్చు ప్రత్యుత్తరము కొంత కలదు. బిడ్డకు 18 ఏండ్లు నిండువఱకు తల్లిదండ్రులే సంరక్షకులు. పైని నిరామయ విషయమున చెప్పిన నాలుగు విధముల వైకల్యములు గలవారికి, ఆ పిమ్మట గూడ సంరక్షకుని నియమించుటకు 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము దారి చూపినది. జిల్లా కలెక్టరు సభ్యులుగా గల స్థానిక కమిటీకి తల్లిదండ్రులు అర్జీ పెట్టుకొనవచ్చును. ఈ సంగతిని ఆ తండ్రికి చెప్పితిమి. ఆయన శ్రద్ధగా విని, "కాగితం మీద పేరు ఉంటుంది సరే. వీడికి ఆకలేస్తే ఎవరికి తెలుస్తుందండీ?" అనెను.

ఆ మాటకు మా యొద్ద వెంటనే ప్రత్యుత్తరము లేకుండెను. తరువాత కేంద్రపు ఉపాధ్యాయురాలును, తల్లియు, తండ్రియు, మేమును కూర్చుండి ఆలోచించితిమి. ఆ సంవత్సరమునకు రెండవ పాఠముగా ఎంచుకొనినది, వీధి చివరి కిరాణా కొట్టునకు పోయి పది రూపాయల బిస్కత్తు పొట్లము తెచ్చుట. దీనిని తండ్రియే నేర్పెను. మొదట చేయి పట్టుకొని పోయెను. తరువాత కొట్టు మలుపున నిలిచెను. తరువాత తన వాకిటనే నిలిచెను. కొట్టు యజమానితో ముందే మాటలాడితిమి. బాలుడు నోరు తెఱచి అడుగువఱకు ఆయన తొందరపడక ఆగవలయును, చూపిన వేలిని చూచి ఇచ్చివేయరాదు. ఆయన ఒప్పుకొనెను. మూడవ నెలలో బాలుడు "బిస్కత్" అని స్పష్టముగా పలికెను. ఇప్పుడు ఆ వీధిలో వానిని పేరుపెట్టి పిలుచు ఇండ్లు తొమ్మిది కలవు. వాడు దారి తప్పినచో చేయి పట్టుకొని యింటికి చేర్చువారును, ఆకలి గొన్నచో ముఖము చూచి గ్రహించువారును ఆ తొమ్మిది యిండ్లలో నున్నారు. తండ్రి ప్రశ్నకు పూర్తి ప్రత్యుత్తరము ఇది కాదు. కాని ప్రత్యుత్తరము మొదలు ఇదియే.

అందుచేత మా నమ్మకము ఇది. లోపముగల బిడ్డకు బడి చేయగల గొప్ప మేలు వానిని ఎఱిగిన మనుష్యుల సంఖ్యను పెంచుట. తల్లిదండ్రులకు బడి చేయగల గొప్ప మేలు, మీ బిడ్డను ఎఱిగినవారు మీ రిద్దఱే కారు అని చూపుట. నిందను తొలగించుట, తెలిసిన మాటలలో చెప్పుట, ఒక్క పనిని నేర్పుట, మంచి కబురు పంపుట, అక్కను గూడ పలుకరించుట, కార్యాలయమునకు తోడు పోవుట, ఇవన్నియు ఆ యొక్క పనికి మెట్లే.

ప్రధానోపాధ్యాయులవారి యనుమతితో, వచ్చు విద్యాసంవత్సరమునుండి ప్రతి నెల మొదటి శనివారము సాయంకాలము నాలుగు గంటలకు, మన పాఠశాల చిత్రలేఖన శాలలో ఇట్టి తల్లిదండ్రులు కూడుకొనుటకు ఏర్పాటు చేయుచున్నాము. మన పాఠశాల బిడ్డలైనను కాకున్నను, ఏ మతస్థులైనను రావచ్చును. ఉపన్యాసములు ఉండవు. టీ యుండును, కుర్చీలు ఉండును, అర్జీలు వ్రాసిపెట్టుటకు ఇద్దఱు ఉపాధ్యాయులు ఉందురు. బిడ్డలను ఆ గంటసేపు పైతరగతి విద్యార్థులు ఆటస్థలములో ఆడించెదరు. తండ్రులు తప్పక రావలయునని కోరుచున్నాము.

విద్యార్థులారా, మీకు మా మనవి చిన్నది. మీ వీధిలో ఇట్టి బిడ్డ యున్నచో, ఈ పత్రికను చదివి ముగించిన పిమ్మట ఆ యింటికి పొండు. జాలి మాటలు అక్కఱలేదు. బిడ్డను పేరుపెట్టి పిలువుడు, ప్రత్యుత్తరము వచ్చువఱకు తొందరపడక నిలువుడు. వచ్చునపుడు, అమ్మా, మీ రెట్లున్నారని ఆ తల్లిని గూడ అడుగుడు.